ప్రింట్ మన చేతిలో, ఫైల్ ఎవరి చేతిలో?



అడ్మిషన్ అయినా, స్కాలర్‌షిప్ అయినా కొత్తగూడలో మనం చేసేది ఒకటే. పిల్లల ఆధార్‌ను జిరాక్స్ షాపు నంబర్‌కు వాట్సాప్ చేస్తాం. ప్రింట్ మనతో వస్తుంది, ఫైల్ అక్కడే ఉండిపోతుంది. షాపువాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ ఆ కంప్యూటర్ ముందు ఇంకెవరు కూర్చుంటారో మనకు తెలియదు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. ఆధార్ నంబర్ మాత్రం పిల్లల వెంట జీవితాంతం ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ అనుమతి విలువ ముందుగా మనకు తెలియాలి.

కుదిరినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పూర్తి ఆధార్ తప్పదంటే, పని కాగానే ఫైల్‌ను మీ ముందే డిలీట్ చేయించండి. మొహమాటపడకండి. పిల్లల వివరాలు ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతారని మా స్కూల్‌నూ అడగండి.