పదకొండేళ్ల వాయిదా

పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు మంగళం పాడింది 2020 జనవరి 1న. మధ్యలో పదకొండేళ్లు. ఇంత ఆలస్యం ఎందుకయిందని ఎవరైనా అడిగితే మా ప్రోగ్రామర్లకు వేలు చూపించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికేవారు. పాత కోడ్ నడవకుండా భాషను మార్చేశారని కొందరన్నారు. లైబ్రరీలు కదలందే మేమెలా కదులుతామని కొందరు, క్లయింట్ డబ్బివ్వడని ఇంకొందరు.

మొదటి ఫిర్యాదులో నిజముంది. యూనికోడ్ స్ట్రింగ్ ముందు పెట్టే 'యు' గుర్తును 3.0లో తీసేశారు. దానివల్ల ఒకే కోడ్‌ను రెండు వెర్షన్లలోనూ నడపడం నరకమైంది. 2012లో 3.3తో ఆ గుర్తును తిరిగి తెచ్చారు. కాబట్టి మొదటి నాలుగేళ్లు వెనకాడినవాళ్లను నేను తప్పుపట్టను. ఆ తర్వాతి కాలానికి మా దగ్గర జవాబు లేదు.

నిజానికి 2015లోనే ఆపేస్తామన్నారు. 2014లో ఆ గడువును 2020కి జరిపారు. కోడ్ మార్చుకోవడానికి ఇచ్చిన అయిదేళ్లవి. మేము వాటిని సెలవుల్లా వాడుకున్నాం. ఎస్టిమేట్లలో అప్‌గ్రేడ్ అని ఒక పద్దు ఉండేది. బేరం దగ్గర ముందు కొట్టేసేది దాన్నే. నడుస్తున్నదాన్ని కదపొద్దు అన్న మాట మా ఆఫీసుల్లో వేదవాక్కు.

లైబ్రరీలు రాసేవాళ్లు రెండు వెర్షన్లకూ సరిపడేలా సిక్స్ అనే అతుకు వాడేవారు (రెండు మూళ్లు ఆరు గనక ఆ పేరు). ప్రతి మార్పునూ రెండుచోట్లా పరీక్షించాలి. 2016లో 3.6తో వచ్చిన ఎఫ్-స్ట్రింగుల వంటి సుఖాలు కళ్లముందున్నా వాడుకునే వీల్లేదు. వాళ్లలో చాలామందికి ఈ పనికి జీతం లేదు. మేము మాత్రం జీతాలు తీసుకుంటూ, పాత వెర్షన్‌లో పనిచేయడం లేదని వాళ్ల మీద బగ్గులు నమోదు చేశాం. పైగా అదంతా వెనకబడినవాళ్ల కోసమని చెప్పుకున్నాం.

తెలుగువాళ్లుగా మేము తలదించుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరస. యూటీఎఫ్-8లో 'తెలుగు' అని రాసి పొడవెంతని అడిగితే 18 అనేది. పైథాన్ 3 అయితే 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆ బైట్లు ఎక్కడైనా యూనికోడ్‌తో కలిశాయా, ఆస్కీ ఎర్రర్ చూపించి ప్రోగ్రాం చతికిలబడేది. ఇంగ్లిష్ పేర్లతో టెస్టులన్నీ పాసై ప్రొడక్షన్‌కు వెళ్లిన కోడ్, తెలుగులో రాసిన మొదటి పేరు దగ్గర ఆగిపోయేది. మూడో వెర్షన్ అంత తెగింపు చేసిన ముఖ్య కారణాల్లో ఈ జబ్బు ఒకటి. ఆ మందు కోసం అందరికన్నా ముందు పరుగెత్తాల్సినవాళ్లం మేము. పరుగెత్తలేదు. ఒకచోట డీకోడ్, ఇంకోచోట ఎన్‌కోడ్ తగిలించాం. అదీ కుదరకపోతే పేర్లు ఇంగ్లిష్‌లోనే టైపు చేయమని వాడేవాళ్లకు చెప్పాం. మా లోపాన్ని వాళ్ల అలవాటుగా మార్చాం.

సపోర్టు ఆపేస్తే పాతవాళ్లు వీధిన పడతారన్న వాదన కూడా 2017కల్లా నిలవలేదు. పైథాన్ ఏ వెర్షన్ కావాలో ప్యాకేజీలోనే రాసి ఉంటే, పిప్ 9 దాన్ని చదివి, పాత పైథాన్ ఉన్నవాళ్లకు పనికొచ్చే పాత ప్యాకేజీనే ఇచ్చేది. ఆ ధైర్యంతోనే ఆ ఏడాది ఐపైథాన్ 6.0 పైథాన్ 2ను వదిలేసింది. డిసెంబరులో జాంగో 2.0 కూడా వదిలేసింది. అయినా జాంగో 1.11కు 2020 ఏప్రిల్ దాకా భద్రతా సవరణలు అందాయి. పాతది తప్పనిసరి అయినవాళ్లకు డబ్బు కట్టి తీసుకునే దారీ ఉండేది: రెడ్‌హాట్ తన లినక్స్ 7తో ఇచ్చిన పైథాన్ 2ను 2024 జూన్ దాకా చూసుకుంది. మాకది నిజంగానే అంత అవసరమైతే ఆ ఖర్చు క్లయింట్ ముందు పెట్టి ఉండేవాళ్లం. పెట్టలేదు, ఉచితంగా చేసిపెట్టేవాళ్లు ఉన్నారు కనక.

ఇప్పుడు ప్రతి వెర్షన్‌కూ అయిదేళ్ల ఆయుష్షని ముందే చెబుతున్నారు. 3.9కి 2025 అక్టోబరుతో గడువు తీరింది. ఈసారి భాష తలకిందులు కాలేదు, యూనికోడ్ గొడవ లేదు, సాకుల్లో సగం పోయాయి. మా సర్వర్లలో అదింకా ఎన్నిచోట్ల నడుస్తోందని అడిగితే మాత్రం జట్టులో ఎవరి దగ్గరా లెక్క లేదు.