మౌస్ పట్టిన చేయి మొరపెడితే వినండి

మణికట్టు నొప్పి అని వచ్చిన వారిని మేము మొదట అడిగే ప్రశ్న, "ఏం పని చేస్తారు?" అని. ఒకప్పుడు కుట్టుపని, బీడీల పని, బట్టలుతికే పని అని జవాబు వచ్చేది. ఇప్పుడూ వారు వస్తున్నారు. అయితే అదే బెంచీ మీద వారి పక్కన బిల్లులు కొట్టేవారు, డేటా ఎంట్రీ చేసేవారు, ఇంట్లోనే లాప్‌టాప్‌పై ఉద్యోగం చేసే పిల్లలు కూర్చుంటున్నారు. కూర్చుని చేసే పనికి నొప్పేమిటి అని ఇంట్లోవారు నవ్వుతారు. ఈ మాట మారాలన్నదే మా మనవి.

ఆ మధ్య ఒక సోదరి వచ్చింది. డి.టి.పి. షాపులో పని. పెళ్లిళ్ల రోజుల్లో పది గంటలు మౌస్ వదలదు. అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి, లేచి కూర్చుని చేయి విదిలించుకునేదట. వాతమేమో అని ఇంట్లో వేడి నూనె రాశారు, బామ్ రాశారు. అలా ఏడాదిన్నర గడిచింది. చేతిలోంచి గ్లాసు జారిపోవడం మొదలైన తర్వాత మా దగ్గరకు వచ్చింది. అప్పటికే బొటనవేలి మొదట్లోని కండ పల్చబడింది. ఆపరేషన్ చేయించుకుంది. రాత్రి తిమ్మిరి పోయింది గానీ, జాకెట్టు హుక్కు పెట్టుకునే పట్టు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. "ముందే రావలసిందమ్మా" అన్నాము. "సెలవు పెడితే ఓనరు ఇంకొకరిని పెట్టుకుంటాడు సిస్టర్" అంది. దానికి మేము ఏమీ చెప్పలేకపోయాము.

మణికట్టు లోపల ఎముకలు ఒక వైపు, గట్టి పట్టీ ఒక వైపు ఉండి ఇరుకైన దారి ఏర్పడుతుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు ఒక నరం ఆ దారిలోనే వెళ్లాలి. మణికట్టును పైకి వంచి గంటల తరబడి ఉంచితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు బాగానే ఉంటుంది. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఇదంతా మౌస్ వల్లనే వస్తుందని మేము చెప్పము. షుగర్, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, గర్భం ఉన్నవారికి మౌస్ పట్టకపోయినా రావచ్చు. అందుకే తిమ్మిరి అని వచ్చిన వారికి రక్తపరీక్ష కూడా రాస్తారు. చాలామందికి నరం వరకూ పోదు, స్నాయువులు, కండరాలు అలిసి ముంజేయి, బొటనవేలి మొదలు నొప్పి పెడతాయి. ఆ దశలోనే జాగ్రత్తపడితే చాలావరకు మందులతో పని ఉండదు.

ఇవి పాటించండి:

1. కుర్చీలో కూర్చుంటే మోచేయి బల్ల ఎత్తుకు రావాలి. బల్ల ఎత్తుగా ఉంటే కుర్చీపై దిండు వేసుకుని, కాళ్ల కింద పీట పెట్టుకోండి.
2. మౌస్‌ను కీబోర్డు పక్కనే, అదే ఎత్తులో ఉంచండి. చేయి చాచి అందుకోవద్దు.
3. గట్టిగా పిసకవద్దు. మణికట్టును బల్ల అంచుకు ఆనించి తిప్పకుండా, మోచేయి నుండి చేతినంతా కదపండి.
4. కాపీ, పేస్ట్, సేవ్ వంటివి కీబోర్డుతోనే చేయవచ్చు. కొన్ని క్లిక్కులు తగ్గుతాయి.
5. అరగంటకొకసారి ఒక్క నిమిషం మౌస్ వదిలి, వేళ్లు చాచి ముడిచి, భుజాలు తిప్పండి. ఆ నిమిషంలో సెల్‌ఫోన్ పట్టుకుంటే చేతికి విశ్రాంతి దొరకదు.

చెప్పడం తేలిక. మా ఆసుపత్రిలోనే వార్డు రికార్డులు కంప్యూటర్‌లో పెట్టినప్పుడు, నిలబడి రాసుకునే ఎత్తు గట్టు మీదనే దానిని పెట్టించాము. మా సిస్టర్లు భుజం ఎత్తిపట్టి మౌస్ తిప్పేవారు. ఇద్దరు నొప్పి అన్నప్పుడు కొత్త కదా, అలవాటవుతుంది అన్నాము. నాలుగో సిస్టరు చేతికి పట్టీ కట్టుకుని డ్యూటీకి వచ్చిన రోజున గానీ మామూలు బల్ల, కుర్చీ వేయించలేదు. ఆ తప్పు మాది. కనుక షాపులు, ఆఫీసులు నడిపే పెద్దలను అడిగే ముందు మేమే ఒప్పుకుంటున్నాము. బల్ల, కుర్చీ సరిచేయడానికి అయ్యే ఖర్చు, పని వచ్చిన మనిషి చేయి పోవడం కంటే తక్కువ.

1713లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని గుమస్తాల జబ్బులకు మూడు కారణాలు రాశాడు. ఎప్పుడూ కూర్చునే ఉండడం, చేతిని ఒకే తీరుగా ఆడించడం, తప్పు రాకూడదన్న మనసు ఒత్తిడి. కలం పోయి మౌస్ వచ్చింది గానీ, ఆ మూడూ అలాగే ఉన్నాయి.

ఇంట్లోవారికి ఒక మాట. పగలంతా మౌస్ తిప్పిన ఆడపిల్ల ఇంటికి వచ్చి బట్టలు పిండాలి, చపాతీ పిండి కలపాలి, గిన్నెలు తోమాలి. ఈ పనులన్నింటికీ అదే మణికట్టు. పట్టీ కట్టి పంపిస్తే మూడో రోజు తడిసిన పట్టీతో తిరిగి వస్తారు. అన్నదమ్ములు, భర్తలు బట్టలు పిండే పని తీసుకుంటే, మా పట్టీ చేసే పనికి మీరు సాయం చేసినట్లే.

తిమ్మిరి రెండు వారాలు దాటినా, రాత్రి నిద్ర లేపినా, వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయవద్దు. తొలి దశలో రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ, పనిలో మార్పు, కొన్ని వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది. నొప్పిని ఓర్చుకోవడం మంచి గుణమని మనకు చిన్నప్పటి నుండి నేర్పారు. ఈ ఒక్క నొప్పి విషయంలో మాత్రం ఓర్చుకోకండి, వచ్చి చెప్పండి.