ఒత్తులు లేని జాబు



క్రిందటి నెల ఈ పుటలో ఊరగాయ జాడీలకు వాసెన కట్టు విధమును గూర్చి వ్రాసియుంటిని. ఈ నెల కందిపప్పు పురుగు పట్టకుండ నిలువచేయుటను గూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని గాని, నడుమ మా యక్క కూతురి విషయ మొకటి తటస్థించుటచే ఆ మాటను వచ్చు నెలకు వాయిదా వేయుచున్నాను. చదువుకొను పిల్లలకై ల్యాప్‌టాపు కొనువారు మనలో ననేకులు గలరు. వారికిది పప్పుకంటె ముందుగా చెప్పదగినదని తోచినది.

మా యక్కగారిది తెనాలి. కూతురు బి.కాం. రెండవ యేడు చదువుచున్నది. దానికి మా బావగారు నెలకు 3,000 రూపాయల చొప్పున 12 వాయిదాలమీద క్రొత్త ల్యాప్‌టాపు కొనియిచ్చిరి. తెలుగు టైపు చేయుట వేసవి సెలవులలో దానికి నేర్పినదానను నేనే. కావున యంత్రము వచ్చిన మూడవనాడే నాకొక జాబు వ్రాసి పంపెను. తెరచి చూతును గదా, “పిననీ, నేను ఇకకడ బాగుననాను.” అని యున్నది! జాబు నిండ వెదకినను ఒక్క ఒత్తు కానరాదు.

నాకు కోపము వచ్చినది. ఇంగ్లీషు చదువులలో పడి యీ పిల్ల ఒత్తులు సైతము మరచినదని తలచి, నాలుగు చీవాట్లు వ్రాసి పంపితిని. మరల బదులు రాలేదు. అలిగినది కాబోలు ననుకొని ఊరకుంటిని.

మూడు వారములకు పని పడి తెనాలి వెళ్ళితిని. ఒకనాటి మధ్యాహ్నము ఈ పుటకు వ్రాయవలసిన దేదో వ్రాయుదమని దాని యంత్రము ముందు కూర్చుండి “ఇక్కడ” అని కొట్టితిని. “ఇకకడ” అని పడెను. మరల కొట్టినను అట్లే పడెను. మూడవ పర్యాయము మీటను గట్టిగా నొక్కగా, పొల్లు రెండుసార్లు పడెను. అప్పటికి గాని నా బుద్ధికి తట్టలేదు!

మేము వాడునది ఇన్‌స్క్రిప్టు పద్ధతి. అందు పొల్లు గుర్తు ఇంగ్లీషు ‘డి’ అక్షరముండు మీటమీద నుండును. హల్లు క్రింద హల్లు చేరి ఒత్తు కావలెనన్నచో నడుమ ఆ పొల్లు పడితీరవలెను. ఆ మీట యొక్కటి చచ్చినచో తెలుగున ఒత్తులే యుండవు. ఇంగ్లీషున ఇంత ఘోరము కనబడదనుకొందురేమో! ఆ పిల్ల చదువునది వాణిజ్యము. డెబిట్టు, క్రెడిట్టు రెండింటిలోను ఆ యక్షరము లేక గడవదు.

పిలిచి అడిగితిని. మొదట మాటాడక, పిదప కండ్లనీళ్లు పెట్టుకొని, “నాన్నతో చెబితే ‘కొత్త సామాను మూడు రోజుల్లో పాడుచేశావా’ అంటారని భయం వేసింది పిన్నీ. నువ్వూ అట్లాగే రాశావు గదా” అనెను. ఆ కడపటి మాట నాకు ములుకువలె గ్రుచ్చుకొన్నది. ఈ మూడు వారములును అది వేరొక పుటలో నుండి ఆ యక్షరమును ఎత్తితెచ్చి, కావలసినచోట నెల్ల అతికించుకొనుచు, కళాశాల పనులు నడిరేయి వరకు చేయుచుండెనట. ఇంతలో అంగడివారు యంత్రమును మార్చి యిత్తుమన్న పది దినముల గడువు కాస్త దాటిపోయినది.

ఇచట కొంత ఆగి, మీట క్రింద నేమి జరుగునో చెప్పవలెను. ఇది తెలిసినచో భయము సగము తగ్గును. ల్యాప్‌టాపు కీబోర్డులో సాధారణముగా ఒక్కొక్క మీట క్రింద కత్తెరవలె పెనవేసికొన్న సన్నని ప్లాస్టికు ముక్కలును, వాని నడుమ చిన్న రబ్బరు బుడిపెయు నుండును. మీట నొక్కగానే ఆ బుడిపె అణగి, అడుగున నున్న రెండు పలుచని పొరలను కలుపును. ఆ పొరలపై విద్యుత్తు పారు గీతలు అడ్డముగను నిలువుగను, మనము మగ్గముమీద చూచు పడుగు పేకలవలె, అమర్చబడియుండును. ఏ అడ్డగీత ఏ నిలువుగీతతో కలిసెనో చూచి, యంత్రము ఏ యక్షరము నొక్కబడెనో గ్రహించును. ఆ గీతలన్నియు నొక పట్టీ వంటి తీగగా కూడి లోపలి పలకను చేరును. కావున గీత యొకటి తెగినచో, దానిపై నున్న మీటలు కొన్ని ఒక్కసారిగా చచ్చును. పొరల కలయిక సరిగా లేనిచో ఒకే మీట యొకప్పుడు పడక, యొకప్పుడు రెండు పడును. లక్షలకొలది నొక్కులకు తాళవలెనని చేసిన వస్తువు మూడవనాడే చెడినచో, ఆడుపిల్ల వ్రేలిని అనుమానించుట యేమి న్యాయము?

పెద్ద సంస్థలకును ఇది తప్పలేదు. అమెరికాలోని ఆపిల్ వారు 2015లో ల్యాప్‌టాపును మిక్కిలి పలుచన చేయగోరి, సీతాకోకచిలుక రెక్కలవంటి క్రొత్త మీటలను పెట్టిరి. ధూళికణ మొకటి దూరిన చాలును, మీట పట్టుకొనిపోవుటయో, అక్షరము రెట్టించుటయో జరిగెడిది. 2018లో వారు అట్టి కీబోర్డులను, కొన్ననాటినుండి నాలుగేండ్ల వరకు, ఉచితముగా బాగుచేయుదుమని ప్రకటించిరి. 2019 కడపట మరల పాత కత్తెరమీటలకు మరలిరి. 2022లో, తప్పు ఒప్పుకొనకయే, వ్యాజ్యము పరిష్కరించుకొనుటకు 5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించిరి. అంతవరకు ఎందరు తమ వ్రేళ్లను తామే నిందించుకొనిరో!

ఇక మేమేమి చేసితిమో చెప్పెదను. మొదట యంత్రము నార్పి మరల వెలిగించితిమి. ‘షిఫ్టు’ మీటను ఎనిమిది క్షణములు నొక్కి పట్టినచో మేలుకొను ‘ఫిల్టర్ కీస్’ అను ఏర్పాటొకటి కలదు. అది పొరపాటున మేలుకొన్నచో త్వరితపు నొక్కులను యంత్రము లెక్కచేయదు. అట్టిది కాదని చూచుకొంటిమి. అదియే యైనచో అన్ని మీటలును మొండికేయవలెను గాని ఒక్కటి కాదు. పిదప పొరుగింటి పిల్లవాని కీబోర్డు నొకదానిని తీగతో తగిలించితిమి. దానిపై ‘డి’ చక్కగా పడినది. తప్పు లోపలి వ్రాతపనిది గాక, ఆ మీటదేయని తేలినది. నా వియ్యపురాలు ఒకరు ఇట్టి సందర్భమున హెయిర్‌పిన్నుతో మీటను పెకలించి, లోపలి కత్తెర విరుగగొట్టుకొనిరి. ఆ పని చేయరాదు. అట్లు చేసినచో వారంటీ యిచ్చువారికి మనమే సాకు చేతికిచ్చినట్లగును. యంత్రమును వాల్చి పట్టుకొని మెల్లగా దులుపుటతో సరిపెట్టవలెను.

తరువాత ఆ మీట పడకుండుటను సెల్‌ఫోనుతో చలనచిత్రము తీసితిమి. బిల్లును, యంత్రము అడుగున నుండు సంఖ్యను ఫొటో తీసి పెట్టుకొంటిమి. యంత్రమును పరుల చేతికిచ్చుటకు ముందు ఆడువారు మరువరాని పని యొకటి కలదు. అందలి ఫొటోలు, జాబులు వేరొకచోట దాచుకొని యంత్రములోనివి తుడిచివేయవలెను. తన ఖాతాలనుండి వెలుపలికి వచ్చి, బాగుచేయువారికి ఏమియు లేని వేరు ఖాతా నొకదానిని తెరచి యీయవలెను. మన రహస్యపదము చీటిమీద వ్రాసి యంత్రమునకు అంటించి యిచ్చుట, బీరువా తాళము చాకలిమూటలో పెట్టి పంపుట వంటిది.

బావగారితో చెప్పు భారము నేనే వహించితిని. ఆయన పెదవి విరిచిరి గాని, మరునాడు మాతో గుంటూరునకు వచ్చిరి. అచట మరమ్మతు కేంద్రములోని యువకుడు యంత్రమును విప్పకయే, “నీళ్లో టీయో ఒలికి ఉంటుందమ్మా. దానికి వారంటీ రాదు. 6,500 అవుతుంది” అనెను. బావగారు తిరిగి పిల్ల ముఖము చూచిరి. ఆ చూపునకే గదా అది మూడు వారములు భయపడినది!

నేను, “ఒలికినచో లోపల జాడ యుండును గదా, మా యెదుట విప్పి చూపు నాయనా. లేదన్నచో నీవు చెప్పిన కారణము కాగితముమీద వ్రాసి సంతకము చేసి యిమ్ము” అంటిని. కొన్ని యంత్రములలో తడి తగిలినచో ఎఱ్ఱబడు చిన్న తెల్లని బిళ్లలు అంటింపబడి యుండును. విప్పగా అవి మల్లెపూలవలె తెల్లగా నున్నవి. మరకయు లేదు. అతడు మఱేమియు ననక, యంత్రము పుచ్చుకొన్న రసీదులో “మీట పనిచేయుట లేదు, తడి లేదు” అని వ్రాసి యిచ్చెను. పలుచని యంత్రములు కొన్నింటిలో కీబోర్డును పైభాగమునకు బిరడాలతో బిగించివేయుదురు. మీట యొక్కటి చెడినను పై పలక యంతయు మార్చవలెను. అంత సొమ్ము చెప్పుటకు అదియే కారణము. తొమ్మిది దినములకు కానీ ఖర్చు లేకుండ క్రొత్త పలకతో యంత్రము వచ్చినది.

వారు కాదన్నచో దారి లేకపోలేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమున ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. అందును తెమలనిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి జిల్లా కమీషనుకు పోవచ్చును. కొన్న ఊరికే పోనక్కరలేదు, మనముండు జిల్లాలోనే వేయవచ్చును. వస్తువునకు చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే మన మాట మనమే చెప్పుకొనవచ్చును. కారణము పుట్టినది మొదలు రెండేండ్ల లోపల వేయవలెను. బిల్లును, ఆ రసీదును పారవేయక దాచుకొనుట ఇందుకే. క్రొత్త యంత్రము వచ్చిననాడే తెల్లపుట తెరచి ప్రతి మీటను పదేసి పర్యాయములు నొక్కి చూచుకొన్నచో, మార్చి యిచ్చు గడువులోనే వ్యవహారము తేలిపోవును. పట్టుచీర కొన్నప్పుడు అంచు నుండి చెంగు వరకు దీపము ముందు పట్టి చూచు మనకు ఇది కష్టమా?

యంత్రము తెచ్చుకొన్ననాడు, తిరుగుత్రోవలో బావగారు ఏమియు మాటాడలేదట. గుంటూరు బస్టాండులో పిల్లకు చెరకురసము కొనియిచ్చి, త్రాగువరకు యంత్రపు సంచి తాను మోసికొని నిలుచుండిరట. నేను చీవాట్లు వ్రాసినందుకు క్షమింపుమని దానికి వేరుగా జాబు వ్రాసితిని. బదులు వచ్చినది. “పిన్నీ” అని మొదలు, అన్ని యొత్తులును తమతమ చోట్ల నున్నవి. ‘కృతజ్ఞత’ అనుటకు ‘క్రుతజ్ఞత’ అని వ్రాసినది గాని, అది మాత్రము మీట తప్పు కాదు.