చేయి తిరిగిన డ్రైవరుకూ శిక్షణ కావాలి

"నలభై ఏళ్ల బట్టి బండి నడుపుతున్నా. ఇప్పుడు నాకు కొత్తగా నేర్పేదేముంది?" రోడ్డు భద్రత మాట ఎత్తగానే మన పల్లెల్లో పెద్దలు అనే మాట ఇది. అందులో అబద్ధం లేదు. లూనా మీద పాల క్యాన్లు మోసినవారు, పొగాకు బేళ్లు వేసుకుని ట్రాక్టరు మీద తెల్లారేసరికి వేలం కేంద్రానికి చేరినవారు, ఎన్నడూ ఎవరికీ గీత కూడా పడనివ్వనివారు వారిలో ఎందరో ఉన్నారు. అయితే వారు బండి నేర్చిన నాటి రోడ్డు ఇప్పుడు లేదు. ఆనాటి చూపూ ఇప్పుడు లేదు. ఈ రెండు సంగతులూ గుర్తించి, 60 ఏళ్లు దాటిన డ్రైవర్లకు మళ్లీ శిక్షణ ఇచ్చే ఏర్పాటు ప్రకాశం జిల్లాలో జరగవలసి ఉంది.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండల మీదుగా పోయే మద్రాసు రోడ్డును ఒకప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడది 16వ నంబరు. ఆ రోజుల్లో ఎదురుగా వచ్చే లారీకి పక్కకు తప్పుకుంటే చాలు, గండం గడిచినట్లే. ఇప్పుడు రోడ్డు నడుమ డివైడరు వచ్చింది, వరసలు పెరిగాయి, వేగం పెరిగింది. ఊరు ఒక పక్క, పొలం ఒక పక్క ఉన్న రైతు రోజుకు నాలుగుసార్లు ఆ రోడ్డు దాటాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ ఒక పక్క రోడ్డు దాటటానికి 5 సెకన్లు పట్టిందనుకుంటే, ఈలోగా ఆ కారు 140 మీటర్లు వచ్చేస్తుంది. "దూరంగా ఉందిలే" అనుకున్న బండి మీద పడటానికి కారణం ఇదే. పాత రోడ్డు మీద కుదిరిన అంచనా కొత్త రోడ్డు మీద కుదరదు.

ఇక చూపు సంగతి. ఈ విలేకరి ఎరిగిన ఒక పెద్దాయనకు 66 ఏళ్లు. పొద్దుగూకాక పొలం నుంచి మోపెడ్ మీద వస్తుండగా ఎదురుగా లారీ లైట్లు పడ్డాయి. లారీ దాటిపోయింది. రోడ్డు వారన ఎర్ర దీపం లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు ఆయనకు కనపడలేదు. భుజం ఎముక విరిగి రెండు నెలలు మంచంలో ఉన్నారు. పలకరించబోతే ఆయన చెప్పిన మాట ఇది: "లైటు పోయాక కాసేపు ఏమీ కనపడదయ్యా. ఏడాది బట్టీ అంతే. చెబితే మావాడు బండి తాళం తీసుకుంటాడని చెప్పలేదు."

మన ఇళ్లలో ఇలా చెప్పకుండా దాచుకున్న పెద్దలు ఇంకా ఎందరో! వయసు మళ్లినకొద్దీ కంటిపాప చీకటిలో మునుపటిలా విచ్చుకోదు, లోపలి కటకం మసకబారుతుంది. 20 ఏళ్ల కంటికి అందే వెలుగులో 60 ఏళ్ల కంటికి అందేది మూడోవంతేనని వైద్యులు చెబుతారు. శుక్లం మొదలైతే ఎదుటి లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మెడ పట్టేసి వెనక్కి తిరిగి చూడటం కష్టమవుతుంది. జలుబుకు, దురదకు వేసుకునే కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి. షుగరు మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే బండి మీదనే కళ్లు తిరగవచ్చు. ఇవేవీ నేరాలు కావు. కానీ తెలిసి సర్దుకోకపోతే ప్రాణాంతకాలు.

అలాగని ప్రమాదాలన్నీ పెద్దల నెత్తిన రుద్దటం న్యాయం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 66 మందికి పైగా 18 నుంచి 45 ఏళ్ల లోపువారే. నూటికి 71 చావులకు కారణం అతివేగం. అది ముసలివారి జబ్బు కాదు. నూటికి 68 చావులు పల్లె ప్రాంతాల్లోనే జరిగాయన్నది మనం గమనించవలసిన మరో విషయం. కుర్రవాళ్ల దూకుడు ఎటూ ఉంది. ఆ దూకుడుకు ఎదురుపడేది మన పెద్దలే కనుక, ఎదుటివాడు తప్పు చేసినా తాను తప్పించుకునే విద్య వారికి మరింత అవసరం. ఆత్మరక్షణ డ్రైవింగ్ అంటే ఇదే.

చట్టంలో కొంత ఏర్పాటు లేకపోలేదు. 2019 సవరణ ప్రకారం 55 ఏళ్లు దాటినవారికి సొంత బండి లైసెన్సు 5 సంవత్సరాలకే పునరుద్ధరిస్తారు. పెద్ద వయసువారు డాక్టరు ధ్రువపత్రం జతచేయాలి. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు పలక చదవగలగాలన్నది అందులోని ఒక నిబంధన. కానీ జరుగుతున్నదేమిటి? ఏజెంటు చేతిలో డబ్బు పెడితే మనిషి మొహం చూడకుండానే కాగితం మీద సంతకం పడిపోతున్న సందర్భాలున్నాయి. ఆ సంతకం ఆ పెద్దమనిషికి ఉపకారం కాదు, అపకారం.

శిక్షణలో నేర్పేది బండి తోలటం కాదు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని లెక్క పెట్టుకోవాలి. లెక్క పూర్తయ్యాకే మన బండి ఆ స్తంభాన్ని చేరాలి. వానలో ఈ ఎడం రెట్టింపు ఉండాలి. ఎదుటి లైటు కళ్లలో పడితే దాన్ని చూడకుండా ఎడమవైపు తెల్లగీతను చూస్తూ వేగం తగ్గించాలి. గడ్డి మోపుకు అడ్డమని మడిచేసిన అద్దాలను మళ్లీ తెరవాలి. యూటర్ను దూరమని రాంగ్ రూట్లో రాకూడదు. దగ్గర దారికైనా హెల్మెట్ పెట్టుకోవాలి. వినటానికి చిన్న మాటలే. నలభై ఏళ్ల అలవాటును మార్చాలంటే మాత్రం ఎవరో పక్కన ఉండి చేయించాలి.

ఇది ఎక్కడా లేని వింత కాదు. జపాన్‌లో 70 ఏళ్లు దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు ముందు ప్రత్యేక తరగతికి హాజరు కావాలి. 75 దాటితే జ్ఞాపకశక్తి, గ్రహింపు పరీక్ష కూడా ఉంటుంది. అమెరికాలో పెద్దల కోసం ఇటువంటి తరగతులు 1979 నుంచే ఉన్నాయి. హాజరైనవారికి చాలా రాష్ట్రాల్లో బీమా రుసుం తగ్గిస్తారు. అంత దూరం ఎందుకు? మన ఆర్టీసీలో చేయి తిరిగిన డ్రైవరును సైతం సర్వీసు మధ్యలో మళ్లీ శిక్షణకు పంపుతారు. దాన్ని ఎవరూ అవమానంగా తలచరు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలు పునశ్చరణ తరగతులు కూడా నడపవచ్చునని ఉంది. నిబంధన ఉంది. అది మండలానికి దిగి రావటమే మిగిలింది.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పొగాకు వేలం ముగిసి నాట్లు మొదలయ్యేలోపు రైతుకు కొంత తీరిక ఉంటుంది. ఆ రోజుల్లో ప్రతి మండల కేంద్రంలో హైస్కూలు ఆవరణలో ఒక్కరోజు శిబిరం పెట్టాలి. ఉదయం కంటి డాక్టరు, షుగరు పరీక్ష. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు గాని, అనుభవం గల ఆర్టీసీ డ్రైవరు గాని గంటన్నర పాఠం చెప్పి, ఎవరి బండి మీద వారిచేత చేయించి చూపాలి. శుక్లం ఉన్నవారిని ఆసుపత్రికి రాసి పంపాలి. ట్రాక్టరు ట్రక్కులకు ఎర్ర రేకులు అక్కడే అతికించాలి. ఒక్క షరతు: ఈ శిబిరానికి వచ్చినవారి లైసెన్సు అక్కడికక్కడ లాక్కోరాదు. ఆ భయం ఉంటే అసలు రావలసినవారే రారు.

ఇంట్లో కొడుకులకు ఒక మాట. బస్సు రాని ఊళ్లో నాన్న బండి తాళం దాచేస్తే ఆయన ఆసుపత్రి, బ్యాంకు, పొలం అన్నీ దాచేసినట్లే. అంతకంటే పొద్దుగూకాక ఆయన బయటికి వెళ్లవలసిన పని మీరు చేయండి. కంటి పరీక్షకు మీరే వెంట తీసుకెళ్లండి.

పెద్దలకూ ఒక మనవి. ఏటా నాగలి కర్రుకు పదును పెట్టించినవారే మీరు. పదును పెట్టించినంత మాత్రాన అది పాత నాగలి అని ఎవరూ వెక్కిరించలేదు. కళ్ల ముందు రెండు క్షణాలు చీకటి కమ్ముతోందని ఇంట్లో చెప్పటానికి సిగ్గుపడకండి. రవాణా శాఖ, ఆరోగ్య శాఖ, ఆర్టీసీ అధికారులు కూర్చుని మాట్లాడుకుని ఈ ఏడే మొదటి శిబిరం పెడితే, పొలం వెళ్లిన మనిషి పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడన్న ధీమా కొన్ని ఇళ్లకైనా కలుగుతుంది.