ముఠాలు వలస వెళ్లాయా, పంపించారా?

కొంతకాలంగా మన యౌవనస్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. గుండ్లు కొట్టించి, తలలు వంచి, వందలాది యువకులను పరిగెత్తిస్తున్న ఎల్ సాల్వడార్ జైలు దృశ్యం. ఒళ్లంతా పచ్చబొట్లు. కింద రాసే మాట దాదాపు ఒకటే: ‘మనకూ ఇలాంటి జైలు కావాలి’. సండేస్కూలు టీచర్లు కూడా దాన్ని పంపుతున్నారు. కాబట్టి ఆ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకోవాలి.

ఎం.ఎస్.-13, బారియో 18 అనే ఆ రెండు ముఠాలు పుట్టింది ఎల్ సాల్వడార్‌లో కాదు, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. 1980 నుంచి 1992 దాకా ఆ చిన్న దేశంలో అంతర్యుద్ధం నడిచింది. సుమారు 75,000 మంది చనిపోయారు. పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను 1980 మార్చి 24న ఆరాధన జరిపిస్తుండగానే కాల్చి చంపారు. అక్కడి సైన్యానికి డబ్బూ ఆయుధాలూ ఇచ్చింది అమెరికా. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జనం పారిపోయిందీ అమెరికాకే. ఆశ్రయం కోరితే అత్యధికుల దరఖాస్తులను తిరస్కరించారు. కాగితాలు లేని తల్లిదండ్రులు పగలూ రాత్రీ కూలికి పోతే, పిల్లలు వీధిలో పెరిగారు. ఆ వీధుల్లో ముఠాలు అప్పటికే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లను కొట్టేవారు. కొందరు పిల్లలు ఉన్న ముఠాలో చేరారు, కొందరు సొంతంగా ఒకటి కట్టుకున్నారు.

యుద్ధం ముగిశాక వెనక్కి పంపడం మొదలైంది. 1996లో వచ్చిన చట్టంతో చిన్న నేరాలకు కూడా దేశం నుంచి పంపేయడం సులువైంది. చేతులు పట్టుకుని నడిపించుకొచ్చిన పిల్లలు, ఇరవై ఏళ్ల యువకులై, స్పానిష్ కూడా సరిగా రాకుండా, ఎవరూ ఎదురురాని విమానాశ్రయంలో దిగారు. వెంట తెచ్చుకున్నది ముఠా పేరు, పగ. దిగిన చోట ఏముంది? ఇంటింటా మిగిలిపోయిన తుపాకులు, పనిలేని కుర్రాళ్లు, అప్పుడే కొత్తగా కడుతున్న పోలీసు వ్యవస్థ. అదే పేరు, అదే పగ మరో నేలమీద పడితే ఇంతగా పెరిగేవి కావని మా అభిప్రాయం. ముఠాల వలసపై అమెరికాలో పరిశోధన చేసిన షెరిల్ మాక్సన్ 1998లో ఇటువంటి మాటే చెప్పారు: ముఠా సభ్యులు ఊరు మారేది ఎక్కువగా కుటుంబ కారణాలతోనే, వాళ్లు చేరిన ఊళ్లలో చాలావరకు స్థానిక ముఠాలు ముందునుంచే ఉన్నాయి.

ఇలా అన్నంత మాత్రాన నరహంతకులను వెనకేసుకొచ్చినట్టు కాదు. కిరాణా కొట్టువాడి దగ్గరా, బస్సు డ్రైవరు దగ్గరా నెలనెలా మామూలు గుంజి, ఇవ్వకపోతే చంపిన ముఠాలవి. 2012లో బిషప్ ఫాబియో కొలిండ్రెస్ వంటివారు మధ్యవర్తులుగా సంధి కుదిరితే హత్యలు సగానికి పడిపోయాయి. ఆ సంధి నిలవలేదు. 2015లో ఒక్క ఏడాదే 6,600కు పైగా హత్యలు జరిగాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ జైలును చూసి ఊపిరి పీల్చుకుంటే ఆమెను తప్పుపట్టే నోరు మాకు లేదు. 2022 మార్చిలో అత్యవసర పరిస్థితి పెట్టాక హత్యలు బాగా తగ్గిన మాటా నిజమే. అయితే 80,000 మందికి పైగా అరెస్టయ్యారు. వాళ్లలో వేలమందిని నిర్దోషులని ప్రభుత్వమే తర్వాత వదిలిపెట్టింది. కొడుకు ఏ జైల్లో ఉన్నాడో తెలియక తిరిగే తల్లులు కూడా ఉన్నారు. వాళ్లు వీడియోలో కనిపించరు.

లాస్ ఏంజెలెస్‌లోనే ఫాదర్ గ్రెగ్ బాయిల్ 1988లో వేరే పని మొదలుపెట్టారు. ముఠా కుర్రాళ్లకు ఉద్యోగాలు వెతికారు, తర్వాత బేకరీ పెట్టించారు. అక్కడ పచ్చబొట్లు ఉచితంగా తీసేస్తారు. ఆ పచ్చబొట్టే వేరేచోట శిక్ష అయింది. 2025 మార్చిలో అమెరికా 200 మందికి పైగా వెనెజులా వాళ్లను ముఠా సభ్యులంటూ అదే జైలుకు విమానాల్లో పంపింది. కొందరి మీద చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది ఒంటిమీది బొమ్మ.

మనవాళ్లకైతే పచ్చబొట్టు కూడా అక్కర్లేకపోయింది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో వాళ్లను ఉంచిన సెటిల్మెంటును నడిపింది క్రైస్తవ సంస్థే, సాల్వేషన్ ఆర్మీ. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెబితే ఇవాళ్టికీ జనం అనుమానంగా చూస్తారు. బళ్లారిలోనో షోలాపూర్‌లోనో తరాలుగా ఉంటున్న మనల్ని కూడా ఎవరో ఒకరు ‘బయటివాళ్లు’ అంటూనే ఉంటారు. వీధిలో దొంగతనం జరిగితే ముందు ఎవరి తలుపు కొడతారో మన పెద్దలకు తెలుసు. యౌవనస్థుల కూడికలో ఆ వీడియో వచ్చినప్పుడు, దాన్ని పంపినవారిని కోప్పడకుండా, ఆ పెద్దల్లో ఒకరిని పిలిచి మాట్లాడించండి.