కొత్త టెలివిజన్లు – పాత కన్నులు

తిరుపతిలో ఆకాశవాణి పేరు మోస్తున్న రోడ్డు ఒకటి ఉన్నది. ఎ.ఐ.ఆర్. బైపాస్ రోడ్డు అన్న చాలు, ఆటో డ్రైవరు మారు ప్రశ్న వేయడు. గత సెలవులలో మేము నలుగురము విద్యార్థులము ఆ రోడ్డు మొదలుకొని గాంధీ రోడ్డు వరకు, మరుసటి వారం చిత్తూరు ప్రకాశం హైరోడ్డు మీద, టెలివిజన్ దుకాణాలు ఎక్కి దిగినాము. మాలో ఒకరి ఇంట కొత్త టెలివిజన్ కొనవలెనన్న ఆలోచన బయలుదేరినది. ఉన్నది చెడిపోలేదు. పెద్దకొడుకు గల్ఫు నుండి డబ్బు పంపినాడు, చుట్టాల ఇంట అంతకంటె పెద్దది వచ్చినది, కంతుల మీద ఇస్తామన్నారు. కారణాలు ఇంతే. ఆ ఇంటిలోనే చెల్లెలి డిగ్రీ ఫీజు మాట కూడా అదే నెలలో వచ్చినందువలన మమ్ము సలహా అడిగినారు. సలహా చెప్పవలెనన్న తెలిసికొనవలె గదా!

ముందు కొంత వెనుకకు పోవలసి ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరంతటికి ఒకే పెట్టె, దాని ముందు ఊరంతా. మదరాసు దూరదర్శన్ కేంద్రం 1975లోను, హైదరాబాదు కేంద్రం 1977లోను మొదలైనవి. మన ప్రాంతానికి హైదరాబాదు దూరం, మదరాసు దగ్గర. మిద్దె మీద ఏంటెనాను మదరాసు దిక్కుకు త్రిప్పి, గాలికి అది కదిలినప్పుడల్లా ఒకరు పైకెక్కి "వచ్చిందా?" అని కేక వేస్తే క్రింద నుండి "ఇంకొంచెం!" అని బదులు వచ్చేదని మా పెద్దలు నేటికీ నవ్వుతూ చెబుతారు. తెలుగువారి ఇంట అరవ పాటలు, ఉర్దూ మాట్లాడే ఇంట కూడా అరవ పాటలే.

1982లో రంగుల ప్రసారం వచ్చినది. ఆ సంవత్సరం నవంబరులోనే ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినవి. నలుపు తెలుపు నుండి రంగులకు మారినప్పుడు ఆ భేదాన్ని ఎవరూ వివరించవలసిన పని లేకపోయినది. గుమ్మం దగ్గర నిలబడిన పసివానికి కూడా తెలిసినది. తరువాత ఇద్దరు మోయవలసిన బరువైన గాజుగొట్టం పెట్టె పోయి గోడకు అంటుకొనే పలుచని తెర వచ్చినప్పుడు గదిలో ఒక మంచానికి చోటు దొరికినది. అది కూడా కంటికి కనిపించిన లాభమే. నేటి లాభాలు అట్టివి కావు. దుకాణంలోని యువకుడు పదిహేను నిమిషాలు వివరించిన తరువాత గాని అవి మనకు కనిపించడం లేదు. మాకు మొదటి అనుమానం అక్కడనే కలిగినది.

చుక్కల లెక్క చూతము. టెలివిజన్ తెర చిన్న చిన్న చుక్కలతో నిండి ఉంటుంది. ఫుల్ హెచ్.డి. అనే తెరపై అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. మొత్తం ఇరువది లక్షల పైచిలుకు. ఫోర్ కె అన్నచో దానికి నాలుగు రెట్లు, ఎయిట్ కె అన్నచో పదహారు రెట్లు, అనగా మూడు కోట్ల ముప్పది లక్షలు దాటుతుంది. అంకెలు ఘనమైనవే. కాని మన కన్ను ఎన్ని చుక్కలను విడివిడిగా చూడగలదు? సామాన్యమైన మంచి దృష్టి ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణం వరకు వేరుచేసి చూడగలదని వైద్యులు చెబుతారు. కంటి పరీక్షలో అక్షరాల పట్టికను తయారు చేసినది ఈ లెక్క మీదనే. దీనిని టెలివిజన్‌కు అన్వయించి కాగితం మీద గుణించి చూచినాము. 55 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరపై చుక్కలు సుమారు ఏడడుగుల దూరం దాటగానే కలిసిపోతాయి. అంతకంటె దూరంగా కూర్చున్నవారికి ఫోర్ కె వలన చుక్కల విషయంలో పెద్ద లాభం లేదు. అదే తెర ఎయిట్ కె అయినచో, ఆ అదనపు చుక్కలను చూచుటకు మూడున్నర అడుగులకు దగ్గరగా జరగవలె. అనగా దస్తర్‌ఖాన్ పరచుకొని కూర్చున్నవాడు చేయి కాస్త చాచిన తెరకు కూర అంటుకొనేటంత దగ్గర!

ఒక టేపు తీసికొని మా ఇళ్లలోనే కొలిచి చూచినాము. గోడకు తెర, ఎదుటి గోడకు దివాను లేక మంచం. చాలా ఇళ్లలో మధ్య దూరం ఎనిమిది తొమ్మిది అడుగులకు తగ్గలేదు. ఇక చూచేవారిలో తాతగారికి శుక్లం, అమ్మకు చత్వారం, తమ్మునికి కళ్లజోడు పెట్టుకొనుటకు బద్ధకం. ఈ కన్నుల ముందు మూడు కోట్ల చుక్కలు ఏమి చేయగలవో పాఠకులే ఊహింపవచ్చును. న్యాయానికి ఒక మాట చెప్పవలె. నేడు 43 అంగుళాలు, ఆ పైన అమ్ముతున్న తెరలలో అధికభాగం ఫోర్ కె తెరలే. కొత్తగా కొనేవారు దానిని తప్పించుకొనవలసిన పని లేదు. ఉన్న మంచి తెరను దాని కొరకే మార్చవలెనా అన్నది ప్రశ్న.

మరి ఆ తెరలోనికి వచ్చే బొమ్మ ఎటువంటిది? దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ మన పల్లెలలో ఎన్నో ఇళ్ల మీద ఉన్నది. నెలకు చందా లేదు. అందులో వచ్చే చానెళ్లలో అత్యధికం 576 వరుసల పాత ప్రమాణంలోనివి. వాటిని ఫోర్ కె తెర తానే సాగదీసి చూపవలె. నాలుగు మూరల గుడ్డను పది మూరల పందిరికి లాగి కట్టినట్లుంటుంది. ఇంటర్నెట్ ద్వారా నిజమైన ఫోర్ కె చిత్రం చూడవలెనన్నచో సెకనుకు 15 మెగాబిట్ల వేగం నిలకడగా ఉండవలెనని నెట్‌ఫ్లిక్స్ వారే చెబుతారు; అదియును అత్యధిక చందా కట్టినవారికే.

దుకాణంలో మాత్రం జలపాతాలు, రామచిలుకలు, తేనె బొట్లు. అవి ఆ తెరల కొరకే ప్రత్యేకంగా తీసిన చిత్రాలు. మేము ఒక దుకాణంలో "అన్నా, ఆ చిలుకను కాస్త ఆపి మామూలు తెలుగు వార్తలు పెట్టండి" అని కోరినాము. అతడు మంచివాడు, నవ్వి పెట్టినాడు. ఒకదానికొకటి ధరలో మూడు రెట్లు భేదమున్న రెండు తెరలపై ఒకే వార్తలు. నలుగురిలో ముగ్గురము ఏది ఖరీదైనదో తప్పుగా చెప్పినాము.

హెచ్.డి.ఆర్. అనే మాట నేడు ప్రతి పెట్టె మీద ముద్రించి ఉన్నది. ఇది బూటకం కాదు. ఒకే దృశ్యంలో దీపపు జ్వాలను నిజంగా మెరిసేటట్లును, ప్రక్కనున్న చీకటిని నిజంగా చీకటిగాను చూపుటకు ఏర్పడిన పద్ధతి ఇది. కాని జ్వాల మెరవవలెనన్న తెరకు అంత వెలుగునిచ్చే శక్తి ఉండవలె. వెలుగును నిట్ అనే కొలతతో లెక్కిస్తారు. ఇట్టి చిత్రాలను సాధారణంగా వెయ్యి నిట్ల వెలుగును దృష్టిలో పెట్టుకొని తయారు చేస్తారు. చవక తెరలు మూడు వందల దగ్గరనే ఆగిపోతాయి. పెట్టె మీద ముద్ర ఉన్నది, తెరలో వెలుగు లేదు. కొనేవారు ఆ అక్షరాలను గాక నిట్ల సంఖ్యను అడుగుట మంచిది. మేము అడిగిన చోట్ల సమాధానం దొరికినది ఒక్క చోటనే.

మాకు నిజంగా నచ్చినది ఓలెడ్ తెర. అందులో ప్రతి చుక్క తన వెలుగును తానే ఇస్తుంది, అక్కర లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. కనుక నలుపు అన్నచో నలుపే. రాత్రివేళ దీపాలార్పి సినిమాను శ్రద్ధగా చూచేవారికి ఇది విలువైనదని మేము ఒప్పుకొనక తప్పదు. అయితే మన వార్తా చానెళ్లను చూడండి. మూలన కదలని ముద్ర, క్రింద ఉదయం నుండి రాత్రి దాకా రెండు మూడు పట్టీలు. ఒకే బొమ్మ అదే చోట గంటల తరబడి, నెలల తరబడి నిలిచినచో ఆ తెరపై దాని మచ్చ శాశ్వతంగా మిగిలే ప్రమాదం ఉన్నది. పగలంతా వార్తలు పెట్టి వదిలివేసే ఇంటికి లక్ష రూపాయల ఓలెడ్ తెచ్చుట, జరీ చీర కట్టుకొని వంటింట పొయ్యి ఊదుట వంటిది.

సెకనుకు 120 సార్లు బొమ్మ మారుతుందన్న గొప్ప విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. సినిమా తీసేది సెకనుకు 24 బొమ్మలతో, మన దేశపు ప్రసారాలు 50 లెక్కన. వీడియో ఆటలు ఆడే కుర్రవాళ్లకు తప్ప అది ఇతరులకు పెద్దగా పనికిరాదు. పైగా లేని బొమ్మలను యంత్రమే కల్పించి మధ్యలో చేర్చినప్పుడు పెద్ద సినిమా కూడా సీరియల్ వలె కనిపిస్తుంది. 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి, ఆ సదుపాయాన్ని ఆపివేయుడని ప్రేక్షకులకు విజ్ఞప్తి చేసినారు. డబ్బిచ్చి కొన్న సదుపాయాన్ని ఆపుకొమ్మని తీసినవారే బ్రతిమాలుట విచిత్రం కాదా? త్రీ డి టెలివిజన్ల గతి ఇంకొక పాఠం. 2010లో వాటికి లోకమంతట ఆర్భాటం జరిగినది. 2017 నాటికి పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా వాటిని మానివేసినవి. నల్ల కళ్లజోళ్లు సొరుగుల్లో మిగిలినవి.

ఇక్కడ మాకు గట్టి అభ్యంతరం ఎదురైనది, అదియును మాలో ఒకరి నుండే. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల కొరకు కేటాయించిన భూమిలో టీ.సీ.ఎల్. వారి తెరల కర్మాగారానికి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. అదే సంవత్సరం షియోమీ కంపెనీ, డిక్సన్ సంస్థతో కలిసి తిరుపతిలో తన టెలివిజన్లు తయారు చేయిస్తామని ప్రకటించినది. మన చుట్టుప్రక్కల పల్లెల యువతీ యువకులకు అటువంటి చోట్ల పని దొరుకుతున్నది. "మీరు అందరిని కొనవద్దంటే వారి గతి ఏమి?" అని ఆ మిత్రుడు అడిగినాడు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మేము కొనవద్దనుట లేదు. పాతది పోయినప్పుడు, ఇల్లు పెరిగినప్పుడు, కొత్త సంసారం పెట్టినప్పుడు కొనేవారు ఎప్పుడూ ఉంటారు. కాని కర్మాగారంలో పనిచేసే పిల్ల జీతం కూడా కంతుల రూపంలో అదే తెరకు తిరిగిపోయినచో ఆమెకు మిగిలేది ఏమి?

2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలు దాటిన టెలివిజన్లపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18కి తగ్గినది. పన్ను కలుపకముందు లక్ష రూపాయల ధర గల సరుకుపై పది వేలు మిగులు. ఆ మిగిలిన పది వేలను చూచి మరొక ఇరువది వేలు కలిపి పై మెట్టుకు పోయినవారిని మేము ఎరుగుదుము! ఆ మిత్రుడు ఇంకొక మాట కూడా అన్నాడు. జన్మంతా కష్టపడిన తండ్రి ఇంట ఒక అందమైన వస్తువు ఉండవలెనని కోరుకుంటే దానికి నిట్లు, చుక్కలు లెక్క కట్టుట ఏమి న్యాయమని. దీనికి మా దగ్గర జవాబు లేదు. అట్టివారు కొనుటే మంచిది, అప్పు లేకుండ కొన్నచో ఇంకను మంచిది.

మొదట చెప్పిన ఇంటి సంగతి. ఆ ఇంటి పెద్ద దిక్కు దాదీమా. ఆమెకు చూపు కంటె వినికిడి తక్కువ. శబ్దం పెంచితే పిల్లల చదువు సాగదు, తగ్గిస్తే ఆమె పెదవుల కదలిక చూచి కథ ఊహించుకొంటుంది. తెరలు పలుచనైన కొద్దీ వాటి స్పీకర్లు కూడా పలుచనైనవి. శబ్దం వెనుకకో క్రిందికో పోతున్నది. మేము చూచిన ఖరీదైన తెరలలో కొన్నింటికి ఒక సదుపాయం ఉన్నది. గదిలోని వారికి స్పీకరులోను, ఒక్కరికి మాత్రం చెవి పరికరంలోను, వేర్వేరు స్థాయిలలో ఒకేసారి శబ్దం ఇస్తాయి. ఏ దుకాణంలోను ఎవరూ దానిని గురించి చెప్పలేదు, మేమే వెదకినాము. మాలో ఒకరు "ఇందుకైతే మార్చవచ్చును" అన్నారు. అందరము సరే అన్నాము.

తీరా ఇంటికి వచ్చి ఉన్న టెలివిజన్ వెనుక భాగం చూస్తే, శబ్దం బయటికిచ్చే రంధ్రం అందులోనే ఉన్నది. తీగ లేకుండ చెవికి శబ్దం పంపే చిన్న పరికరం, హెడ్‌ఫోన్ రెండింటికి కలిపి మూడు వేల లోపల అయినది. మొదటి రాత్రి ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకొని కొంతసేపు కదలక కూర్చున్నది. తరువాత మనుమనివైపు తిరిగి, "అరే బేటా, ఈ వార్తలు చదివే పిల్లది మన కడప యాస గదరా!" అన్నది. చెల్లెలి ఫీజు ఆ సోమవారమే కట్టినారు.