కొనువాని చూపు

నిజామాబాదు నగరమున 2025 జూన్ 29వ తేదీన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము ప్రారంభమైనది. బోర్డు వచ్చినది గదా, ధర వచ్చునా యని రైతులడుగుచున్నారు. ఆ ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న గలదని మా యభిప్రాయము. పసుపు కొనువాడు పసుపులో దేనిని చూచుచున్నాడు?

కిరాణా దుకాణమునకు పోయిన గృహస్థు ఇరువది వస్తువులు కొనవలసియుండును. ఒక్కొక్కదానిపై నాతడు నిలుపగల దృష్టి క్షణకాలము. సమాచారము పెరిగినకొలది అవధానము కరవగునని హెర్బర్ట్ సైమన్ అను అమెరికా పండితుడు 1971లోనే చెప్పియున్నాడు. పోటీ యున్నచో నాణ్యము తనంతట వృద్ధియగునని అర్థశాస్త్ర గ్రంథములు బోధించును. కొనువాని చూపు పడినంత మేరకే యది నిజము. చూపు పడని చోట మంచి సరకు తెచ్చినవానికి ఖర్చు మిగులును, చెడ్డ సరకు తెచ్చినవానికి లాభము మిగులును.

పసుపు సంగతియే చూడుడు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల రైతు తొమ్మిది నెలలు పైరు కాచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిషు పట్టించి కొమ్మును గంజునకు తెచ్చును. అచ్చట కొమ్మును విరిచి చూచు వర్తకుడైనను ఉన్నాడు. పొడియై పొట్లమున చేరిన పిమ్మట రంగు తప్ప మరేమియు కానరాదు. కావున పోటీయంతయు రంగు మీదికే పోవును. ఇది ఎంత దూరము పోగలదో బంగ్లాదేశ్ చూపినది. అచ్చట 1980ల నాటి వరదలలో తడిసి రంగు మాసిన కొమ్మునకు సీసము గల పచ్చ రంగును పూయుట మొదలై, అదియే వాడుకయైనది. 2019లో బజారు నమూనాలలో నూటికి 47 వంతులలో సీసము కనబడినది. ప్రభుత్వము కఠినముగా పూనుకొనగా 2021 నాటికి అది సున్నకు దిగినది. ఆ వర్తకులందరును క్రూరులని మేమనజాలము. కొనువాడు పచ్చదనమును కోరెను, వారు పచ్చదనమును అమ్మిరి.

ఇక బోధను చక్కెర. 1930లలో నిజాంసాగరు నీటిని నమ్ముకొని వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దవానిలో నొకటిగా పేరొందినది. 2002లో దాని పెత్తనము ప్రైవేటు చేతులకు పోయినది. 2015 డిసెంబరులో అది మూతవడినది. మూతకు కారణములు పెక్కు గలవు, అవి వేరు ప్రసంగము. మాకు బాధ కలిగించినది మరియొకటి. శక్కర్‌నగరమున పొగగొట్టము చల్లారిన నాడు, ఆమడ దూరమునందలి దుకాణమునకు పోయి చక్కెర కొన్నవానికి ఏ తేడాయు తెలియలేదు. చక్కెర తెల్లగానే యున్నది. విడిగా తూచి యిచ్చు చక్కెరకు ఊరు పేరు లేదు. పేరు లేనిదాని చావును బజారు ఎరుగదు.

తూకము నందును ఇదే తీరు. అయిదు రూపాయల బిస్కత్తు పొట్లము అయిదు రూపాయలుగానే నిలిచి, లోని గ్రాములు కరగిపోవుట పాఠకులెరిగినదే. ధర పెంచినచో కన్ను పట్టును, తూకము తగ్గించినచో పట్టదు. 2021లో సవరించిన నియమములు పొట్లముల నిర్ణీత పరిమాణముల పట్టికను తొలగించి, దానికి మారుగా గ్రామునకో కిలోకో ఎంత పడునో ముద్రింపవలెనని విధించినవి. మంచిదే. కాని ఆ అంకెను చదువుటకు మాకు కండ్లద్దములు చాలుటలేదు!

చూపును మరలించుట అసాధ్యము కాదు. ఖద్దరు ముతకదై, మిల్లుబట్ట కన్న ప్రియమైనను దేశము దానిని కట్టినది. నునుపును, వెలను చూచు కన్నును నూలు వడకిన చేతివైపునకు గాంధీజీ త్రిప్పినాడు. వెంటనే మిల్లులు దొంగ ఖద్దరును దింపినవి. 1925లో ఏర్పడిన చరఖా సంఘము ధ్రువపత్రములిచ్చుటయు, 1934లో ఖద్దరు పేరును కాపాడుటకు శాసనము పుట్టుటయు ఈ కారణముననే. ఇందూరు రైతులకును ఈ మర్మము తెలియును. 2019 లోకసభ ఎన్నికలలో నూట డెబ్బదికి పైగా రైతులు నామపత్రములు వేసి, అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చి, ఓటు యంత్రములను వరుసగా పేర్పించిరి. దేశము తలయెత్తి పసుపు మాట వినినది.

ఓటరు కన్ను పట్టినవారు కొనువాని కన్ను పట్టలేరా? సాంగ్లీ పసుపునకు 2018లో, ఈరోడు పసుపునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన సరకులో కొంత నేటికిని సాంగ్లీకి పోవుచున్నది. బోర్డు పొట్లము ముఖముననే, వెల ముద్రించినంత పెద్ద అక్షరములలో, పండిన జిల్లాను, కుర్కుమిన్ పాలును వేయించవలెను. ఆ లెక్కలో మేఘాలయ లకడాంగు పసుపు నూటికి 7 వంతుల వరకు గలిగి మనలను మించును. మించనిండు. దాచుకొని గెలిచినది ఎన్నాళ్లు నిలుచును? భూస్వాములును కొమ్ములో మండను కలిపి పంపు అలవాటును మానవలెను. వచ్చు పంట గంజునకు చేరకముందే పరీక్షాశాల యార్డులోనే తెరువబడి, రైతు తన రాశి పాలును తెలిసికొని వేలమునకు నిలుచు ఏర్పాటు జరుగవలెనని బోర్డు వారిని కోరుచున్నాము.